కొసరుగా ఇచ్చినవాడు

లాండ్రీ పైన ఇల్లు,
ఆదివారం

చెల్లీ,

ముందు నీకు కావలసినవి రాస్తాను. తర్వాత నాకు కావలసినవి.

మావాడు బుధవారం పొద్దున మీ ఊళ్ళో బస్సు దిగుతాడు. మరిదిని పంపు. సూట్‌కేసు మాత్రం ఆయన మోయకూడదు, ఆయన నడుము సంగతి నీకే ఎక్కువ తెలుసు. మీ ఇంట్లో మంచం వాడికి చాలదు. కాళ్ళ దగ్గర ఒక స్టూలు వేసి దాని మీద దిండు పెట్టు, ఇక్కడ కూడా అలాగే పడుకునేవాడు. మోకాలి పట్టీ వేడినీళ్ళలో ఉతికితే సాగిపోతుంది. లేవగానే మాట్లాడించకు. అరగంట ఆగితే వాడే మాట్లాడతాడు.

ఇప్పుడు సంగతి. పేపర్లో చూసే ఉంటావు. మీ ఊరి బాస్కెట్‌బాల్ టీము తన పేరుమోసిన ఆటగాణ్ణి, డేగను, మా టీముకి ఇచ్చేసింది. బదులుగా మావాళ్ళు ఆ పెద్ద సెంటర్ ఆటగాణ్ణి, అందరూ గోడ అని పిలుస్తారే, అతన్ని ఇచ్చారు. పైన మావాణ్ణి కలిపారు. ఫోటోలు డేగవి, గోడవి. మావాడి పేరు చివరి వాక్యంలో ఉంది, 'మరియు' తర్వాత.

ఇక్కడ వీధంతా ఊగిపోతోంది. కింద లాండ్రీ ఆయన ఇస్త్రీపెట్టె చేత్తో ఎత్తి పట్టుకుని మరీ అరుస్తున్నాడు, "ముప్పై ఎనిమిదొచ్చినా డేగ డేగే!" అని. పక్కన క్షవరం చేసే ఆయన ఊరుకుంటాడా? "ఆ వయసులో డేగ ఎగరదండీ, కోడిలాగా గోడ దాకా వస్తుందంతే. ఇప్పుడా గోడ కూడా ఇచ్చేశారు" అన్నాడు. క్షవరం కుర్చీలో నురగ మొహంతో ఉన్నవాడు కూడా లేచి వాదిస్తున్నాడు. "కొంగనిచ్చి డేగను తెచ్చుకున్నాం, ఇంకేం కావాలయ్యా మీకు!" అన్నాడు లాండ్రీ ఆయన. అన్నాక మెట్ల మీద నన్ను చూశాడు. "అమ్మా, దుప్పట్లు రేపిస్తాను" అన్నాడు.

కొంగ అంటే మావాడేనని నీకు చెప్పక్కర్లేదు. ఆ కాళ్ళు చూసి పెట్టారు.

మీ బావ సంతోషం సంగతి ఏం రాయను. డేగ ఆట మొదలుపెట్టిన రోజుల నుంచీ ఆయన మన టీములో ఉంటే బాగుండునని కలలు కన్న మనిషి. నిన్న రేడియోలో 'ఆటల ముచ్చట'కి ఫోన్ చేశారు, ప్రతి శనివారం చేసినట్టే. ఏదో మాట్లాడారు. అదలా ఉంచు.

ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అంటావు. ఇక్కడ ఈయన పక్కనే ఉంటారు, ఇక నుంచి అక్కడ వాడు పక్కనే ఉంటాడు. మనిద్దరికీ ఉత్తరమే నయం.

వాణ్ణి చూసుకో.

అక్క

*

మందుల షాపు కౌంటరు దగ్గర,
మధ్యాహ్నం, జనం లేని వేళ

అక్కా,

వచ్చాడు. స్టూలు వేశాను, దిండు పెట్టాను, అరగంట ఆగాను. వారం ఆగాను. వాడు మాట్లాడలేదు.

ముందు నా ఏడుపు నన్ను ఏడవనీ. మా డేగను అమ్ముకున్నారు సన్నాసులు! మా షాపులో మాత్రలు కొనడానికొచ్చిన వాళ్ళు రోగం చెప్పడం మానేసి డేగ గురించి చెప్తున్నారు. ఒకావిడ, "వాడి మోకాళ్ళు అయిపోయాయమ్మా, సరైన టైములో వదిలించుకున్నారు" అంది. ఆవిడకి ఇవ్వాల్సిన గొట్టం మందు ఇవ్వకుండా కాసేపు నిలబెట్టాను. మీ మరిది మాత్రం, "బస్సు ఎంత మంచిదైనా ఇంజను పోయాక మనం డ్రైవింగ్ నేర్చుకున్న బస్సని ఉంచుకుంటామా?" అంటున్నాడు. ఆ మాటన్నాక రెండు రోజులు ఆయన టీ ఆయనే పెట్టుకున్నాడు.

మేం పోగొట్టుకున్నది మీకొచ్చింది, మీరు పోగొట్టుకున్నది మాకొచ్చింది. నాకొచ్చిన దాంట్లో నాకు నష్టం లేదక్కా. అక్క కొడుకు నా కొడుకే. కానీ వాడు నాకు రాలేదు. వాడి సూట్‌కేసు వచ్చింది, వాడి బూట్లు వచ్చాయి.

శనివారం సాయంత్రం మీ మరిది రేడియో పెట్టాడు. మీ ఊరి స్టేషన్ ఇక్కడా వస్తుంది కదా. 'ఆటల ముచ్చట' పాట మొదలైందో లేదో వీడు గదిలోంచి వచ్చి మెల్లగా ఆపేశాడు. "ఎందుకురా?" అంటే, "తలనొప్పి పిన్నీ" అన్నాడు. వాళ్ళ బాబాయి ముందు వాడెప్పుడూ అలా చెయ్యలేదు.

నువ్వు 'అదలా ఉంచు' అని రాశావు చూడు, అది ఉంచకుండా చెప్పు.

చెల్లి

*

లాండ్రీ పైన ఇల్లు,
మంగళవారం

చెల్లీ,

వరసగా చెప్తాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను.

మీ బావకి రేడియోలో పేరు లేదు. 'మూడో వరుస' అంటారు, స్టేడియంలో ఎప్పుడూ మూడో వరుసలో కూర్చుంటారని ఆయనే అలా చెప్పుకున్నారు. మిగతా రోజుల్లో లిఫ్టుల రిపేరు చేసుకునే మనిషి శనివారం సాయంత్రానికి పెద్ద మనిషి అయిపోతారు. ఆయన మాట కోసం జనం ఎదురు చూస్తారు, అది నిజమే. మావాడు టీములోకి వచ్చినప్పుడు ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. రేడియోలో వాడి తండ్రినని చెప్పకూడదు, వాణ్ణి వెనకేసుకు రాకూడదు. 'కొడుకు కోసం మాట్లాడుతున్నాడు అని ఒక్కడంటే చాలు, వాడి కష్టం గాలికిపోతుంది' అనేవారు. నాకూ సరైన మాటే అనిపించింది.

ఆ శనివారం మావాడు స్టేడియంకి వెళ్ళాడు, వాడి అల్మారా ఖాళీ చెయ్యడానికి. నేను గిన్నెలు కడుగుతున్నాను. ఈయన ముందుగదిలో ఫోన్ పట్టుకుని, రేడియో తగ్గించి పెట్టుకుని.

"లైన్లో మన మూడో వరుస గారు! ఏం సార్, నిద్ర పట్టిందా నిన్న?"

"నిద్రా? డేగ మన చొక్కా వేసుకుని కల్లోకొచ్చాడండీ."

ఒక రిటైర్డ్ మేస్టారు ఉంటారు, ఎప్పుడూ ఈయనకి ఎదురు చెప్పడానికే ఫోన్ చేస్తారు. "మోకాళ్ళు అరిగినవాడి కోసం గోడనిచ్చేశారు. రేపు నాలుగో క్వార్టర్లో వాణ్ణి మీరు భుజాన వేసుకుని పరిగెత్తండి" అన్నారాయన.

"మేస్టారూ, అతను పరిగెత్తక్కర్లేదు. నిలబడి చూస్తే చాలు, బంతి ఎక్కడికి వెళ్ళాలో దానికే తెలుస్తుంది."

అందరూ నవ్వారు. అప్పుడు ఆ కార్యక్రమం నడిపే అబ్బాయి అడిగాడు, "సరే సార్, పైన ఆ కుర్రాణ్ణి కూడా ఇచ్చారు కదా, కొంగని. అతని గురించి ఏమంటారు?"

నేను కుళాయి కట్టేశాను.

ఈయన ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నారు. తర్వాత అన్నారు, "అతనా? అతనిదేముందండీ. కొసరు. బేరం తెగాలంటే కొసరు వెయ్యాలిగా. అసలు బెంచి మీంచి లేచిందెప్పుడని?"

రేడియోలో నవ్వులు. మేస్టారు కూడా నవ్వారు, మొదటిసారి ఇద్దరికీ ఒక మాట మీద కుదిరింది.

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగి నన్ను చూశారు. "అక్కడ తండ్రిగా మాట్లాడకూడదు కదే" అన్నారు. చేతులకి సబ్బుంది, అవి తుడుచుకోవడం ఒక పనిలా చేశాను.

మావాడు వచ్చాడు, భోంచేశాడు, సర్దుకున్నాడు. నన్నే అడిగాడు అన్నీ, బస్సెక్కడ ఆగుతుంది, పిన్ని వాళ్ళ ఇల్లు మారిందా అని. వాళ్ళ నాన్న పక్కనే ఉన్నా నన్నే అడిగాడు. వినలేదేమో, ప్రయాణం హడావిడిలో ఉన్నాడేమో అనుకున్నాను. నువ్వు రాసిన రేడియో సంగతి చదివాక అలా అనుకోవడానికి లేదు.

విన్నాడా? అడిగి రాయి.

అక్క

*

మందుల షాపు,
సాయంత్రం మూసే ముందు

అక్కా,

విన్నాడు.

నేను అడగలేదు. నీ ఉత్తరం చేతిలో పెట్టి పక్కకెళ్ళాను. తప్పయితే తిట్టు. చదివి మడతపెట్టి, "అమ్మ అక్షరాలు ఎంత బాగుంటాయి" అన్నాడు. తర్వాత చెప్పాడు.

అల్మారా సర్దుకుంటుంటే ఆటగాళ్ళ గదిలో రేడియో మోగుతోందట. శనివారం అందరూ అదే వింటారట, మూడో వరుస ఏమంటాడో అని. వాళ్ళెవరికీ తెలీదు ఆయన ఎవరో. వీడికి మాత్రం ఇన్నాళ్ళూ అదొక రహస్యమైన గొప్పట. బావ డేగ గురించి అన్నదానికి గదంతా చప్పట్లు కొట్టిందట. తర్వాత ఆ మాట. అందరూ నవ్వి వీడి వైపు చూశారట.

"నువ్వేం చేశావురా?" అన్నాను.

"నేనూ నవ్వాను పిన్నీ. నవ్వకపోతే తెలిసిపోతుంది కదా, ఆయనెవరో."

అక్కా, బావ నియమం బావ ఒక్కడిదే అనుకున్నావా? వీడు కూడా దాన్ని కాపాడాడు.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకో. బావని నేను క్షమించలేను. ఆయన పెళ్ళిలో నా చెప్పులు దాచి నన్ను ఏడిపించినప్పటి నుంచీ నాకు ఇష్టమైన మనిషి. అయినా సరే.

ఇక్కడ వాడి ఆట గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. గోడని ఆడిస్తున్నారు. వీణ్ణి ఇంకా ఆడించలేదు. కొత్త కదా.

చెల్లి

*

లాండ్రీ పైన ఇల్లు,
చలి బాగా ఉన్న ఒక ఆదివారం

చెల్లీ,

చాలా రోజులైంది రాసి. రాయడానికి లేక కాదు, ఉన్నది రాయబుద్ధి కాక.

మీ బావకి చెప్పాను. నీ ఉత్తరం చదివి వినిపించలేదు, సంగతి చెప్పాను. ఆయన ఒక లిఫ్టు పని ముగించుకుని వచ్చి చేతులకి గ్రీజు కడుక్కుంటున్నారు. "వాడు విన్నాడా?" అన్నారు. కడగడం ఆపలేదు. చేతులు తెల్లబడ్డాక కూడా కడుగుతూనే ఉన్నారు.

"నేను అభిమానిగా అన్నానే."

"వాడు అభిమానిగా వినలేదు" అన్నాను.

ఆ తర్వాత రేడియోకి ఫోన్ చెయ్యలేదు. మొదటి శనివారం అక్కడ వాళ్ళు, "ఏంటి, మన మూడో వరుస అలిగారా?" అని నవ్వారు. ఇప్పుడు అడగడం కూడా మానేశారు. మావాడికి ఫోన్ చేస్తూ ఉంటారు. వాడు ఎత్తడు. మోగి మోగి ఆగిపోయాక కూడా ఈయన కాసేపు చెవి దగ్గరే పెట్టుకుని ఉంటారు.

ఇక డేగ. మొదట్లో బాగానే ఉంది. ఆయన బంతి పట్టుకుంటే స్టేడియం నిశ్శబ్దం అయ్యేది. ఇప్పుడు ఆయన బంతి పట్టుకుంటే ఈలలు. మోకాలికి పట్టీ మీద పట్టీ. పాస్ ఇస్తే మనిషి వెళ్ళిపోయాక బంతి వస్తోంది. కింద వాదనలు కూడా మారాయి. లాండ్రీ ఆయన "నేనప్పుడే చెప్పాను" అంటున్నాడు, చెప్పింది క్షవరం ఆయన. క్షవరం ఆయనేమో జాలిపడి ఇప్పుడు డేగ పక్షం తీసుకున్నాడు. "ఎక్కి దిగిన మనిషిని అలా అనకండయ్యా" అంటాడు. "అయితే నీ గడ్డం కత్తి కూడా పాతదే ఉంచుకో" అంటాడు లాండ్రీ ఆయన. "గోడ ఉంటే ఈ పాటికి పైకి వెళ్ళేవాళ్ళం" అని అందరూ అంటారు. ఇంత వాదనలో మావాడి పేరు ఒక్కసారి రాదు. పోయిందని తెలియాలంటే ముందు ఉందని తెలియాలి కదా.

ఈయన మాత్రం ఇంకా డేగనే సమర్థిస్తారు, ఇంట్లో, నా ఒక్కదాని ముందు. ఇప్పుడు డేగ కూడా పనికిరాడని ఒప్పుకుంటే ఇంక ఏం మిగులుతుంది ఆయనకి?

ఒకటి అడగాలి. పేపర్లో ఆట మర్నాడు టీము జాబితా వేస్తారు. ఆడనివాళ్ళ పేర్లు కూడా కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఎప్పుడూ నేను అక్కడే వాణ్ణి చూసుకునేదాన్ని. ఈ మధ్య మీ టీము జాబితాలో వాడి పేరు లేదు. ఒకసారి అచ్చుతప్పు అనుకున్నాను. ప్రతిసారీ అచ్చుతప్పు కాదు.

వాడు నాతో మాట్లాడేది కూడా తక్కువ. "బానే ఉన్నానమ్మా" అంటాడు, పెట్టేస్తాడు. నువ్వు చెప్పు.

అక్క

*

ఇంటి నుంచి,
శనివారం

అక్కా,

కంగారు పడకు. చీలమండ బెణికింది, అంతే. డాక్టరు విశ్రాంతి అన్నాడు. దెబ్బ తగిలినవాళ్ళ పేర్లు జాబితాలో వెయ్యరు. టీముతోనే ఉన్నాడు, వాళ్ళతోనే తిరుగుతున్నాడు. నేను మందుల షాపులో ఉండి వాడి కాలికి పట్టించే మందు తేలేనా?

తింటున్నాడు. నీ దగ్గర తిన్నంత కాదు, కానీ తింటున్నాడు.

ఉత్తరం చిన్నదైంది, షాపులో జలుబుల కాలం.

చెల్లి

*

లాండ్రీ పైన ఇల్లు,
బుధవారం

చెల్లీ,

బెణికిందంటే ఎంత ఊరటగా ఉందో రాయడానికి సిగ్గేస్తోంది. కొడుకు కాలు బెణికిందని సంతోషించే తల్లిని నేనొక్కదాన్నే అయుంటాను.

ఇంకో సంగతి. ఈ శనివారం మీ టీము ఇక్కడికి వస్తోంది కదా. దెబ్బ తగిలినవాళ్ళు కూడా మామూలు బట్టల్లో వచ్చి బెంచి చివర కూర్చుంటారని మీ బావ అన్నారు. ఆయనే వెళ్ళి సీట్లు మార్పించుకొచ్చారు. మూడో వరుస కాదు, ఎదుటి టీము బెంచికి సరిగ్గా వెనక. అక్కడి అమ్మాయి, "సార్, అటు కూర్చుంటే డేగ వీపే కనిపిస్తుంది" అందట. "పర్లేదమ్మా" అన్నారట.

ఏం మాట్లాడాలో సాధన చేస్తున్నారు. గడ్డం గీసుకుంటూ అద్దంలో. నేను తలుపు దగ్గర నిలబడి వింటే ఆపేస్తారు. ఒకసారి విన్నాను, "ఒరేయ్, కాలెలా ఉంది?" అని. అంతే, అక్కడే ఆగిపోయారు. మళ్ళీ మొదటి నుంచి, "ఒరేయ్, కాలెలా ఉంది?" అని. ఇంతకాలం రేడియోలో ఆపకుండా మాట్లాడిన మనిషి.

నీలం చొక్కా ఇస్త్రీకిచ్చాను. లాండ్రీ ఆయన, "పెళ్ళా?" అన్నాడు. "ఆట" అన్నాను.

వాడికి మేం వస్తున్నామని చెప్పకు. చెబితే బస్సులోంచి దిగడేమో.

అక్క

*

మందుల షాపు,
శుక్రవారం

అక్కా,

ఈ ఉత్తరం ఆట తర్వాత చేరుతుందని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను.

చీలమండ బెణకలేదు. వాడికి ఏ దెబ్బా తగల్లేదు. టీము వాణ్ణి పంపించేసింది. వచ్చిన కొన్నాళ్ళకే. గోడ కోసం చేసిన బేరమట, వీణ్ణి ఉంచుకోవాలని మొదటి నుంచీ లేదట. కోచ్ వీడి పేరు కూడా తప్పు పలికాడట ఆ రోజు. వీడు సరిదిద్దలేదు.

ఒట్టేయించుకున్నాడక్కా. "అమ్మకి చెప్తే నాన్నకి తెలుస్తుంది. ఆయనన్నది నిజమని ఆయనకి తెలియకూడదు" అన్నాడు. ఒప్పుకున్నాను. నువ్వు పేపరు జాబితా అడిగేసరికి చేతికొచ్చింది రాసేశాను.

ఇప్పుడు వాడు చేపలు నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు ఎత్తుతున్నాడు. పొడుగు కదా, పైవరసల మీద పెట్టడానికి నిచ్చెన అక్కర్లేదని తీసుకున్నారు. ఇంటికొచ్చేసరికి వేళ్ళు నీలంగా ఉంటాయి. బంతి పట్టుకోవడం నేను చూడలేదు. బూట్లు గుమ్మం దగ్గర పెడితే, ఎవరో అడిగితే ఇచ్చేశాడు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. ఉత్తరం రాసినా లాభం లేదని ఇవాళ పొద్దున ఫోన్ చేశాను. బావ ఎత్తారు. "ఏం మరదలా! రేపు మీవాళ్ళని చిత్తు చేస్తాం చూడు!" అన్నారు. ఎన్ని నెలలైందో ఆ గొంతు విని. "నువ్వు రాకపోయినా నీ కొడుకు వస్తున్నాడుగా, వాడి ముందు ఓడిపోతే బాగుండదు" అన్నారు. "ఊరికే చేశాను బావా" అన్నాను. పెట్టేశాను.

ఇంక నేనేం రాసినా అది చెప్పనట్టే.

చెల్లి

*

లాండ్రీ పైన ఇల్లు,
సోమవారం

చెల్లీ,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. దాని ముందు జరిగింది వినాలి నువ్వు.

ముందే వెళ్ళి కూర్చున్నాం. మీ టీము వచ్చింది. ఒక్కొక్కణ్ణీ చూశాం. బెంచి చివర మామూలు బట్టల్లో ఒకడున్నాడు, చేతికర్రతో. మీ బావ లేచి నిలబడ్డారు. అతను తల తిప్పాడు, వేరే అబ్బాయి. "బాత్రూంకి వెళ్ళుంటాడు" అన్నారు, కూర్చున్నారు. మొదటి క్వార్టరంతా ఆయన ఆట చూడలేదు, లోపలికి వెళ్ళే దారి చూశారు. నేనూ అంతే.

సగం ఆటయ్యాక కంచె దగ్గరికి వెళ్ళి వాళ్ళ చిన్న కోచ్‌ని పిలిచారు. నేను వెనకే ఉన్నాను. మావాడి పేరు చెప్పి, "కనబడట్లేదు" అన్నారు.

"మీరెవరండీ?"

"నేను అతని తండ్రిని" అన్నారు. అందరూ వినేలా, గట్టిగా. ఆ మాట ఆయన బయట అనగా నేను వినడం అదే మొదటిసారి.

"అతన్ని పంపించేసి చాలా రోజులైంది. మీకు చెప్పలేదా?" అన్నాడతను. పాపం, మర్యాదగానే అన్నాడు.

వెనక వరుసలో ఒకాయన, చేతిలో వేరుశనగల పొట్లం, మీ బావ గొంతు గుర్తుపట్టేశాడు. "అయ్యా, మీరు రేడియోలో మూడో వరుస కదూ! ఏమైపోయారండీ ఇన్నాళ్ళూ?" అన్నాడు సంతోషంగా. ఇంకో క్షణానికి అతని మొహం మారింది. "కొంగ మీ అబ్బాయా? మరి ఆ రోజు మీరే కదా..." అని ఆగిపోయాడు. ఏం చెయ్యాలో తెలియక పొట్లం మీ బావ ముందు చాచాడు. మీ బావ రెండు గింజలు తీసుకున్నారు. నోట్లో వేసుకోలేదు, పిడికిట్లోనే ఉంచుకున్నారు.

వెళ్ళిపోదాం అన్నాను. వినలేదు. మిగతా ఆట చివరిదాకా కూర్చున్నారు, ఈసారి కళ్ళార్పకుండా చూశారు. మేం ఓడిపోయాం.

ఇంటికొచ్చాక నీ ఫోన్ సంగతి ఆయనే చెప్పారు. "మరదలు ఏదో చెప్పడానికి చేసింది. నేను చెప్పనివ్వలేదు" అన్నారు.

నీ మీద కోపం ఉంది. నువ్వు ఒట్టు తప్పాల్సింది. ఆ కోపం ఇప్పుడు నాకు ఉపయోగం లేదు కాబట్టి పక్కన పెడుతున్నాను, పోయిందనుకోకు.

వాడికి చేతి తొడుగులు కొను, లోపల ఉన్ని ఉన్నవి. మేం వస్తే ఉంటాడా? ఇంటికి రమ్మంటే వస్తాడా? ఈ రెండూ అడిగి ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి. ఈసారి నన్ను కాపాడకు.

అక్క

*

మందుల షాపు,
గురువారం

అక్కా,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. కోచ్‌తో బావ అన్న మాట కూడా, వేరుశనగలు కూడా. వాడు గోడకి ఆనుకుని నిలబడి విన్నాడు.

"వాళ్ళొస్తే ఉంటావా?" అన్నాను. "రావద్దను" అన్నాడు.

"ఇంటికి వెళ్తావా?" అన్నాను. "ఏ మొహంతో పిన్నీ? కింద లాండ్రీ ఆయన దగ్గర నుంచి మెట్లెక్కాలి" అన్నాడు.

తొడుగులు ఇచ్చాను. వేసుకుని చూశాడు, సరిపోయాయి.

డ్యూటీకి బయలుదేరి, గుమ్మం దాకా వెళ్ళి, నా వైపు తిరక్కుండా ఒక్కటి అడిగాడు. "డేగ ఎలా ఆడాడట?"

నీ ఉత్తరంలో అది లేదు కదక్కా. తెలీదన్నాను. వెళ్ళిపోయాడు.

చెల్లి

*

లాండ్రీ పైన ఇల్లు,
ఆదివారం

చెల్లీ,

నీ ఉత్తరం మీ బావకి చూపించాను. 'రావద్దను' దగ్గర ఆగారు. చివరి ప్రశ్న దగ్గర మళ్ళీ ఆగారు. తర్వాత కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, "రాయి" అన్నారు. ఆయన చెప్పారు, నేను రాశాను. వాడికి చదివి వినిపించు. వింటేనే. వినకపోతే బలవంతం చెయ్యకు.

'డేగని మూడో క్వార్టర్ చివర్లో ఆటలోకి దించారు. దిగుతుంటేనే ఈలలు. మోకాలు మడవట్లేదు, కుంటు తెలియకుండా ఉండాలని మెల్లగా నడిచాడు. జనం దాన్ని పొగరనుకున్నారు. మొదటి మూడు షాట్లూ పోయాయి. మూడోది బోర్డుకి కూడా తగల్లేదు. ఎవరో చెప్పు విసిరారు. ఆయన దాన్ని తీసి గీత బయట పెట్టి వచ్చాడు. పాస్ ఇచ్చే ముందు ఎప్పుడూ ఎడమ భుజం దించి ఎదుటివాణ్ణి మోసం చేసేవాడు, గుర్తుందా. ఇప్పుడు భుజం దిగుతోంది, కాళ్ళు దాని వెంట రావట్లేదు. అందుకని ఎవరూ మోసపోవట్లేదు. చివర్లో రెండు పాయింట్లు వెనకున్నాం. బంతి ఆయన చేతికే ఇచ్చారు. కుడి వైపు నుంచి వచ్చాడు. ముందు గోడ నిలబడ్డాడు. ఒకప్పుడైతే వాడి మీంచి ఎగిరేవాడు. ఎగరలేదు. బంతి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, ఎవరికివ్వాలో చూస్తూ. మనవాళ్ళెవరూ ఖాళీగా లేరు. టైమైపోయింది. బంతి ఇంకా చేతిలోనే ఉంది. అందరూ లోపలికి వెళ్ళాక రిఫరీ వచ్చి అడిగి తీసుకున్నాడు.'

అంతే చెప్పారు. ఇందులో మావాడి గురించి ఒక్క మాట లేదు. తన గురించీ లేదు. "ఇంకేమైనా రాయనా?" అని అడిగాను. చాలాసేపు టేబుల్ మీద గీతలు గీస్తూ కూర్చున్నారు, వేలితో. "వాడు అడిగింది ఇదే కదా" అన్నారు.

చదివి వినిపించమన్నారు. వినిపించాను. "తప్పుంది" అన్నారు. "చివర్లో కుడి వైపు నుంచి కాదు. వాడికి తప్పు చెప్పకూడదు."

దిద్దబోతుంటే కలం నా చేతిలోంచి తీసుకున్నారు. 'కుడి' కొట్టేసి పైన 'ఎడమ' అని రాశారు. లిఫ్టుల మనిషి రాత, అక్షరాలు పెద్దవి, కాగితం వెనక వైపుకి కూడా అచ్చు పడింది. ఆ ఒక్క మాటా ఆయన చేతిరాత.

వాడికి అది చూపించు.

అక్క